తెర మీద బొమ్మ రాకపోతే తప్పు మానిటరుదేనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ కంప్యూటర్ల తెరల గురించినవే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినప్పటి నుంచి పాత యంత్రాన్ని ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది. ఆ సమయంలోనే తెర ఆరిపోతే, కారణం వెతకకుండానే మానిటరుకో మొత్తం యంత్రానికో డబ్బు పెట్టేస్తున్నారు. తెర మీది లోపం మానిటరులో ఉందా, కేబులులో ఉందా, సీపీయూ పెట్టెలో ఉందా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అది తేలే వరకు పర్సు తీయవద్దని మా మనవి.

ప్రశ్న: 2013లో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటరు మా ఇంట్లో ఉంది. స్విచ్ నొక్కితే సీపీయూలో ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. మానిటరు మీద మాత్రం ‘నో సిగ్నల్’ అని కనిపించి, కాసేపటికి తెర నల్లబడుతోంది. మానిటరు పోయిందని, కొత్తది కొనుక్కోమని దుకాణంలో చెప్పారు. కొనమంటారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసరావుపేట

జవాబు: ఇప్పుడే కొనకండి మాస్టారూ. ‘నో సిగ్నల్’ అన్న ఆ రెండు మాటలనూ తెర మీద రాస్తున్నది మానిటరే. అంటే దానికి కరెంటు అందుతోంది, లోపలి దీపం వెలుగుతోంది, తెర అక్షరాలను చూపగలుగుతోంది. తనకు బొమ్మ అందడం లేదని అది చెబుతోంది. మానిటరు సాకెట్టులోనే లోపం ఉండే అవకాశం లేకపోలేదు గానీ అది చాలా అరుదు. అనుమానం ఉంటే ఎవరిదైనా ల్యాప్‌టాప్ తెచ్చి అదే కేబులుతో ఈ మానిటరుకు కలిపి చూడండి. బొమ్మ వస్తే మానిటరూ కేబులూ రెండూ బాగున్నట్టే. మానిటరుకు బొమ్మ కేబులు పెట్టే వీజీఏ (పాత రకం), హెచ్‌డీఎంఐ (కొత్త రకం) రెండు సాకెట్లూ ఉంటే, మీరు కేబులు పెట్టిన సాకెట్టునే మానిటరు చూస్తోందో లేదో దాని మెనూలో ‘ఇన్‌పుట్’ లేదా ‘సోర్స్’ అన్న చోట సరిచూసుకోండి. ఇల్లు సర్దేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఆ అమరిక మారిపోవడం మామూలే.

తర్వాత చేయవలసిన పరీక్షకు పరికరాలేమీ అక్కరలేదు. కంప్యూటరు ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి, కీబోర్డు మీద ‘క్యాప్స్ లాక్’ లేదా ‘నమ్ లాక్’ మీటను నొక్కండి. నొక్కిన ప్రతిసారీ దాని చిన్న లైటు వెలిగి ఆరుతూ ఉంటే కంప్యూటరు లోపల పని మొదలైపోయింది, బొమ్మ బయటికి వచ్చే దారిలోనే అడ్డంకి ఉంది. లైటు కదలకుండా ఉంటే మదర్‌బోర్డు, అంటే పెట్టెలోని ప్రధాన సర్క్యూట్ పలక, తన తొలి తనిఖీల దగ్గరే ఆగిపోయింది. ఫ్యాను తిరిగినంత మాత్రాన యంత్రం పని చేస్తున్నట్టు కాదు, ఎందుకంటే ఫ్యానుకు కావలసింది ఎస్‌ఎంపీఎస్ (పెట్టె లోపలి భాగాలకు కరెంటు సరఫరా చేసే డబ్బా) నుంచి వచ్చే 12 వోల్టులు మాత్రమే. మదర్‌బోర్డుకు 5, 3.3 వోల్టుల కరెంటు కూడా నిలకడగా, చెప్పిన కొలతకు 5 శాతం లోపు హెచ్చుతగ్గులతోనే అందాలి.

మీ విషయంలో లైటు కదలడం లేదనుకుందాం. పదేళ్లు దాటిన యంత్రాలలో ఇందుకు నేను ముందుగా అనుమానించేది ర్యామ్‌నే, అంటే బోర్డు మీది స్లాటులో గుచ్చి ఉండే మెమరీ పట్టీనే. తేమ, దుమ్ము కలిసి ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు గీతల మీద పొరలా పేరుకుంటాయి, స్లాటుతో పట్టు సడలుతుంది. గోడ స్విచ్ ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, సీపీయూ పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచితే లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. పెట్టె పక్క రేకు తీసి, మీ ఒంటి మీది స్థిర విద్యుత్తు పోయేలా రంగు వేయని లోహపు భాగాన్ని ఒకసారి తాకండి. తర్వాత ర్యామ్‌కు రెండు కొసలా ఉన్న క్లిప్పులను వెనక్కి నొక్కి దాన్ని తీయండి. ఆ గీతలను పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, రబ్బరు పొట్టు లేకుండా పొడి నూలుగుడ్డతో తుడిచి, స్లాటులోని దుమ్మును మెత్తని కుంచెతో దులిపి, క్లిప్పులు టక్కుమనే దాకా మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా పెట్టి చూడండి, అప్పుడు ఏది చెడిందో తెలుస్తుంది.

అప్పటికీ బొమ్మ రాకపోతే యంత్రం ఇచ్చే శబ్దాలను వినండి. మదర్‌బోర్డుకు చిన్న స్పీకరు ఉంటే, అవార్డ్ అనే బయోస్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) ఉన్న పాత బోర్డులలో ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు వస్తే గ్రాఫిక్స్ భాగంలో లోపమని అర్థం. ఆగి ఆగి పొడుగు బీప్‌లు వస్తూనే ఉంటే సాధారణంగా ర్యామ్‌దే లోపం. ఈ లెక్క బయోస్ తయారీదారును బట్టి మారుతుంది కనుక, మీ బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం ఇంకా ఉంటే అందులోని పట్టికనే నమ్మండి. తెర పోకముందు కొన్నాళ్లుగా కంప్యూటరులో తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతూ ఉంటే బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. 3 వోల్టుల ఆ బ్యాటరీ గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది. ప్లగ్గు తీసి, పాతది తొలగించి, ఐదు నిమిషాలు ఆగి కొత్తది పెడితే బయోస్ అమరికలన్నీ తయారీనాటి స్థితికి వస్తాయి. కొన్ని బోర్డులకు అదే చాలు.

ప్రశ్న: మాది చిన్న డీటీపీ దుకాణం. తెర అంతా ఉన్నట్టుండి పసుపుగా మారుతోంది. వెనుక కేబులు కదిపితే బాగవుతుంది, కాసేపటికి మళ్లీ అదే తీరు. పెళ్లి పత్రికల రంగులు చూసుకోవడం కష్టంగా ఉంది.
– రాజమహేంద్రవరం

జవాబు: కేబులు కదిపితే మారుతోందని మీరే రాశారు కాబట్టి సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. మీరు వాడుతున్నది నీలం రంగు కొసలున్న 15 పిన్నుల వీజీఏ కేబులు అయి ఉంటుంది. ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో 1987లో తెచ్చిన పద్ధతి అది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మూడు వేరు వేరు తీగల మీద, 1, 2, 3 పిన్నుల గుండా ప్రయాణిస్తాయి. నీలం తీగ తెగినా, పట్టు వదిలినా మిగిలిన ఎరుపు, ఆకుపచ్చ కలిసి తెల్లని చోటంతా పసుపుగా కనిపిస్తుంది. ఎరుపు పోతే తెర నీలాకుపచ్చగా, ఆకుపచ్చ పోతే గులాబీ కలిసిన ఊదాగా మారుతుంది. మీకు పోతున్నది నీలం, అంటే మూడో పిన్ను దారి.

కేబులు తీసి రెండు కొసలనూ వెలుతురులో చూడండి. ఏదైనా పిన్ను వంగి ఉంటే, ఖాళీ అయిన బాల్‌పెన్ రీఫిల్ ముక్కను దాని మీద తొడిగి మెల్లగా నిలబెట్టవచ్చు. 9వ పిన్ను అసలు లేకపోతే కంగారు పడకండి, చాలా కేబుళ్లలో దాన్ని తయారీలోనే వదిలేస్తారు. 12, 15 పిన్నులను మాత్రం తప్పక చూడండి. మానిటరు తన పేరు, తనకు తగిన రిజల్యూషన్ (తెర మీది చుక్కల కొలత) కంప్యూటరుకు చెప్పుకునేది వాటి ద్వారానే. అవి పోతే రంగులు బాగానే ఉన్నా విండోస్ మానిటరును గుర్తుపట్టక 1024×768 వంటి తక్కువ కొలతల దగ్గరే ఆగిపోతుంది, అక్షరాలు సాగినట్టు కనిపిస్తాయి. పిన్నులన్నీ సరిగా ఉంటే కేబులు మార్చండి, కొత్తదానికి రెండు పక్కలా ఉన్న మరలను చేత్తో బిగించండి. ఆ మరలు వదిలేయడం వల్లనే బల్ల కదిలినప్పుడల్లా కేబులు బరువంతా సాకెట్టు మీద పడి, చివరికి మదర్‌బోర్డు మీది అతుకు ఊడుతుంది.

కేబులు మార్చినా పసుపు పోకపోతే మానిటరు బటన్ నొక్కి దాని సొంత మెనూను తెరపైకి రప్పించండి. ఆ మెనూను కంప్యూటరు పంపదు, మానిటరే తనంతట తాను గీస్తుంది. తెర పసుపుగా ఉన్నప్పుడు మెనూలోని తెలుపు తెల్లగానే ఉంటే మానిటరు తెర బాగున్నట్టు; మెనూ కూడా పసుపెక్కితే లోపం మానిటరులోనిదే. రంగులకే కాదు, వణుకుకూ గీతలకూ మసకకూ కూడా నేను ముందుగా చేయమనేది ఈ పరీక్షనే. మీలా కాకుండా, కేబులుతో సంబంధం లేకుండానే సాయంత్రం పూట మాత్రమే తెర పసుపెక్కుతుందని రాసిన ఇద్దరు పాఠకులు, విండోస్ 10లోని ‘నైట్ లైట్’ అమరికను ఆపి చూడగలరు.

ప్రశ్న: 2008లో కొన్న 17 అంగుళాల ఎల్‌సీడీ మానిటరు ఆన్ చేయగానే బొమ్మ రెండు క్షణాలు కనిపించి మాయమవుతోంది. పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ రెండు క్షణాలే. నేనే విప్పి చూడవచ్చా?
– కరీంనగర్

జవాబు: విప్పవద్దు. కారణం ముందే చెబుతాను. మన ఇంటి 230 వోల్టుల కరెంటును మానిటరులోని పవర్ బోర్డు ముందుగా ఏకముఖ విద్యుత్తుగా మార్చి ఒక పెద్ద కెపాసిటరులో (విద్యుత్తును నిల్వ ఉంచే భాగంలో) నింపుతుంది. అందులో దాదాపు 325 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. వెనుక దీపాన్ని వెలిగించే ఇన్వర్టరు అనే భాగంలో వోల్టేజి ఇంకా ఎక్కువ, వందలు దాటి వేలకు కూడా చేరుతుంది. డబ్బాలా ఉండే పాత పిక్చర్ ట్యూబు మానిటర్లయితే మరీ ప్రమాదం, వాటి లోపల వేల వోల్టులు చాలాసేపు దాగి ఉంటాయి.

విప్పకుండానే రోగం తెలుసుకునే మార్గం ఉంది. బొమ్మ మాయమైన తర్వాత గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడండి. తెర మీది బొమ్మలు, అక్షరాలు లేతగా, నీడలా కనిపిస్తే తెర బతికే ఉంది, దాని వెనుక వెలగవలసిన దీపం మాత్రం ఆరిపోతోంది. 2010 ప్రాంతంలో ఎల్‌ఈడీ దీపాలు రాకముందు మానిటర్ల వెనుక సీసీఎఫ్ఎల్ అనే సన్నని ట్యూబులు ఉండేవి. ఒక ట్యూబు ముసలిదైనా, కరెంటు చాలకపోయినా ఇన్వర్టరు ఆ తేడాను పసిగట్టి ఒకటి రెండు సెకన్లలో రక్షణ కోసం అన్నింటినీ ఆపేస్తుంది. మీరు చూస్తున్న రెండు క్షణాల బొమ్మ అదే. అంతకుముందు కొన్ని నెలలు తెర ఎర్రగా, గులాబీ రంగులో మొదలై తర్వాత తెల్లబడుతూ ఉండేదా? అయితే ట్యూబు అరిగిపోయినట్టు. అలాంటిదేమీ లేకపోతే పవర్ బోర్డు మీది కెపాసిటర్ల మీదే నా అనుమానం.

మీ మానిటరు కాలానికి ఈ అనుమానం మరీ బలం. 1999 నుంచి 2007 వరకు తయారైన మదర్‌బోర్డులలో, మానిటర్లలో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతటా ఉబ్బి పాడయ్యాయి, వాటి సరుకు ఆ తర్వాత కూడా కొంతకాలం యంత్రాలలో చేరుతూనే వచ్చింది. మంచి కెపాసిటరు కూడా వేడికి లొంగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ మెకానిక్కులు లెక్క వేస్తారు. కరీంనగర్ ఎండలలో, గాలి ఆడని కంప్యూటరు బల్ల అరలో ఆ లెక్క ఎటు పోతుందో మీరే ఊహించగలరు.

మీ ఊళ్లో టీవీలు బాగుచేసే మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్లండి. కంప్యూటరు దుకాణాలలో సాధారణంగా బోర్డునే మారుస్తారు, టీవీ మెకానిక్కు మాత్రం చెడిన భాగాన్ని వెతికి మారుస్తాడు. చదునుగా ఉండవలసిన నెత్తి ఉబ్బినవి, అడుగున గోధుమరంగు ద్రవం కారినవి అన్నీ మార్చమనండి. కొత్త వాటి మైక్రోఫారడ్ విలువ పాతదే ఉండాలి, వోల్టేజి అంతే లేదా కొంచెం ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీలకు తగినవి, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) రకానివి కావాలని స్పష్టంగా చెప్పండి. విడిభాగాల ఖర్చు స్వల్పం, పని కూలీయే ఎక్కువ. లోపం ట్యూబులదని తేలితే మాత్రం ఖర్చు పెట్టవద్దని నా సలహా. ఆ కొలత ట్యూబులు దొరకడం కష్టం, మార్చేటప్పుడు తెర పొరలు చెడే అవకాశమూ ఎక్కువ. ట్యూబులలో కొద్దిగా పాదరసం ఉంటుంది కనుక ఆ మానిటరును పగలగొట్టకుండా, పాత ఇనుముకు వేయకుండా, ఈ-వ్యర్థాలను తీసుకునే అధీకృత కేంద్రానికే ఇవ్వండి.

ప్రశ్న: మా తమ్ముడు ఆట కోసం ఏదో అమరిక మార్చాడు. అప్పటి నుంచి కంపెనీ గుర్తు కనిపించి, విండోస్ వచ్చే సమయానికి ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వస్తోంది.
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఏదీ చెడిపోలేదు. మానిటరు చూపలేని రిజల్యూషన్‌ను గానీ, సెకనుకు మరీ ఎక్కువసార్లు మారే బొమ్మను గానీ కంప్యూటరు పంపుతోంది. విండోస్ 7 అయితే ఆన్ చేసిన వెంటనే ఎఫ్8 మీటను పదే పదే నొక్కి, వచ్చిన పట్టికలో తక్కువ రిజల్యూషన్ వీడియో అన్న వరుసను ఎంచుకోండి. విండోస్ 10 అయితే, మొదలవుతున్న దశలోనే పవర్ బటన్ నొక్కి ఉంచి వరసగా రెండు మూడుసార్లు ఆపితే మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అన్న వరుసలో వెళ్లి రీస్టార్ట్ ఇచ్చి, 3 అంకె నొక్కండి. తెర వచ్చాక డిస్‌ప్లే అమరికలలో ‘రికమెండెడ్’ అని రాసి ఉన్న రిజల్యూషన్‌ను, 60 హెర్ట్జ్‌ను పెట్టండి.

ప్రశ్న: తెర మీద అడ్డంగా లేత నీడ పట్టీలు వణుకుతూ పరుగెడుతున్నాయి. సీపీయూ పెట్టెను చెప్పులు లేకుండా తాకితే జివ్వుమంటోంది. రెండింటికీ సంబంధం ఉందా?
– గృహిణి, ఏలూరు

జవాబు: ఉందమ్మా. దయచేసి దీన్ని తెర సమస్యగా కంటే ముందుగా మీ ఇంటి భద్రత సమస్యగా చూడండి. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు తీగలకూ లోహపు పెట్టెకూ మధ్య రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటులోని అలజడిని అవి ఎర్తు తీగలోకి వదలాలి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే వదలడానికి దారి లేక, పెట్టె మీద ఇంటి వోల్టేజిలో సగం, అంటే సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. అందులో ప్రవహించే కరెంటు చాలా తక్కువ కనుక జివ్వుమనడంతో సరిపోతోంది. అయితే అదే పెట్టెలో రేపు నిజమైన లోపం వస్తే మిమ్మల్ని కాపాడడానికి ఎర్తు ఉండదు.

ఆ అలజడే వీజీఏ కేబులులోని సన్నని సంకేతంతో కలిసి తెర మీద పట్టీలుగా కనిపిస్తోంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు, తెర మీది బొమ్మ 60 సార్లు మారుతాయి. ఆ తేడా వల్లనే పట్టీలు నిలవకుండా పరుగెడతాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మీ కంప్యూటరు సాకెట్టులో పైన ఉండే లావు రంధ్రానికి ఎర్తు నిజంగా అందుతోందో లేదో కొలిపించండి. చాలా ఇళ్లలో తీగ ఉంటుంది గానీ పెరట్లోని ఎర్తు గొయ్యి ఎండిపోయి ఉంటుంది. దానికి వేసవిలో నీళ్లు పోయించాలి. మానిటరునూ సీపీయూనూ ఒకే బోర్డు నుంచి ఇవ్వండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులుగా మార్చే ముక్కను వాడుతుంటే ఈ రోజే తీసేయండి. వీలైతే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని మెయిన్ దగ్గర పెట్టించమని కూడా అడగండి.

ప్రశ్న: పాత సీపీయూకు వీజీఏ మాత్రమే ఉంది. కొత్త మానిటరుకు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. మధ్యలో కన్వర్టరు కొన్నాను, పని చేయడం లేదు.
– వరంగల్

జవాబు: మీరు కొన్నది ఎదురు దిశది అయి ఉంటుంది. బజారులో ఎక్కువగా దొరికేది హెచ్‌డీఎంఐ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి వీజీఏ ప్రొజెక్టరుకు బొమ్మ పంపే రకం. అది వెనక్కి పని చేయదు. మీకు కావలసింది వీజీఏ బొమ్మను తీసుకుని హెచ్‌డీఎంఐగా మార్చేది. కరెంటు కోసం దానికి ఒక యూఎస్‌బీ తోక కూడా ఉంటుంది, దాన్ని సీపీయూకు తప్పక కలపాలి. మీ సీపీయూ వెనుక తెల్లని డీవీఐ సాకెట్టు ఉంటే ఏ కన్వర్టరూ అక్కరలేదు, డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మామూలు కేబులు చాలు, బొమ్మ కూడా వీజీఏ కంటే స్పష్టంగా ఉంటుంది.

ప్రశ్న: గంటసేపు పని చేశాక తెర నిండా రంగు చుక్కలు, ముక్కలు ముక్కలైన గడులు వస్తున్నాయి. ఆపి చల్లారనిస్తే మళ్లీ గంటసేపు బాగుంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది. వేడిగాలితో కార్డును బాగుచేస్తామని ఒకరు అంటున్నారు.
– ఖమ్మం

జవాబు: చుక్కలు ఉన్నప్పుడు మానిటరు మెనూను రప్పించి చూడండి. మెనూ శుభ్రంగా ఉండి దాని వెనుక మాత్రమే చుక్కలు ఉంటే, మీరు చెప్పిన వేడి లక్షణాన్ని కలుపుకుని, లోపం కార్డుదేనని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. ప్లగ్గు తీసి, కార్డు మీది ఫ్యాను తేలికగా తిరుగుతోందో లేదో వేలితో చూసి, రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును కుంచెతో తీయండి. చిప్పుకూ లోహపు రేకులకూ మధ్య ఉన్న థర్మల్ పేస్టు ఇన్నేళ్లకు ఎండి సుద్దలా అయి ఉంటుంది, దాన్ని తుడిచి కొత్తది పూయిస్తే కొన్ని కార్డులు మరి కొంతకాలం పని చేస్తాయి.

వేడిగాలి మరమ్మతుకు మాత్రం ఒప్పుకోకండి. చిప్పు లోపలి అతుకులను అలా వేడిచేస్తే కొన్ని వారాలో నెలలో బాగున్నట్టు కనిపించి మళ్లీ అదే స్థితికి వస్తుంది, మీ డబ్బు మాత్రం తిరిగి రాదు. దానికంటే సీపీయూ వెనుక మదర్‌బోర్డు భాగంలో వీజీఏ లేదా హెచ్‌డీఎంఐ సాకెట్టు ఉందేమో చూడండి. 2011లో వచ్చిన రెండో తరం కోర్ ఐ3, ఐ5 ప్రాసెసర్లలో, ఆ తర్వాతి వాటిలో చాలా వరకు గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే ఉంటుంది. మీది అలాంటిదైతే కార్డును పూర్తిగా తీసేసి, కేబులును ఆ సాకెట్టుకు మార్చి ఆన్ చేయండి. కార్డు ఉంచేసి కేబులు మాత్రమే మారిస్తే చాలా బోర్డులు ఆ సాకెట్టు నుంచి బొమ్మ పంపవు. టైపింగుకు, బ్యాంకు పనులకు, పిల్లల వీడియో పాఠాలకు ఆ గ్రాఫిక్స్ సరిపోతుంది. కార్డు తాగే కరెంటు తగ్గడంతో మీ పాత ఎస్‌ఎంపీఎస్ మీద భారమూ తగ్గుతుంది.